వాదన నంబరు పన్నెండు

ఉత్తుంగ విద్యాసంస్థల చరిత్రలో సిలబస్‌లో లేని ప్రశ్న ఎదురుకావడం అదే మొదటిసారి. పైగా అది పేపర్లో రాలేదు. ఒక మనిషి నోట్లోంచి వచ్చింది.

ఆ దుర్ఘటన జిల్లాస్థాయి డిబేట్ పోటీల్లో జరిగింది. విషయం ప్లాస్టిక్ నిషేధం. ఉత్తుంగ బెజవాడ బ్రాంచి పిల్లలిద్దరూ నిషేధం ఎందుకు అవసరమో తడుముకోకుండా అప్పజెప్పి కూర్చున్నారు. ఎదుటి జట్టు ఊరి చివరి జిల్లా పరిషత్ హైస్కూలుది. అందులో ఒక పిల్లాడు తాపీగా లేచాడు.

"మీరు చెప్పిందంతా బానే ఉంది గానీ, మీ బల్ల మీదున్న నీళ్ల సీసా దేంతో చేశారంటారు?" అని అడిగాడు.

ఉత్తుంగ జట్టు సీసా వంక చూసింది. తర్వాత తమ టీచర్ వంక చూసింది. తర్వాత పైకప్పు వంక చూసింది. పైకప్పు మీద కూడా జవాబు లేదు. గంట మోగింది. కప్పు జిల్లా పరిషత్ వాళ్లకి వెళ్లిపోయింది.

ఆ టీచర్ పేరు ఇందుమతి. సోషల్ చెబుతుంది. చెబుతుంది అనడం కూడా మర్యాదకే. ఉత్తుంగలో ప్రాధాన్యాల వరుస ఇలా ఉంటుంది: లెక్కలు, ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ, బస్సులు, క్యాంటీన్, సోషల్. సోషల్ పీరియడ్ టైమ్ టేబుల్లో ఉంటుంది, క్లాసులో ఉండదు. లెక్కల సార్‌కి సిలబస్ అవలేదనో, ఫిజిక్స్ సార్‌కి రివిజన్ ఉందనో ఎవరో ఒకరు పట్టుకుపోతారు. పానిపట్టు యుద్ధాన్ని ఇందుమతి మూడేళ్లుగా మొదలుపెడుతూనే ఉంది. ఇంతవరకూ ఏ క్లాసులోనూ ఎవరు గెలిచారో తేలలేదు.

మర్నాడు ఏజీఎం శ్రీమన్నారాయణ గారి గదిలో విచారణ జరిగింది. ఆయన ఒకప్పుడు కెమిస్ట్రీ లెక్చరర్. ఇప్పుడు కృష్ణా, గుంటూరు జిల్లాల్లోని ఉత్తుంగ బ్రాంచీలన్నీ ఆయన చేతికిందే ఉన్నాయి.

"మేడం, ఎర్రర్ ఎక్కడ జరిగింది?" అన్నారు.

"ఎర్రర్ అని కాదు సార్. అవతలబ్బాయి ఒక ప్రశ్న అడిగాడు. మన పిల్లలకి ఏం చెప్పాలో తోచలేదు."

"తోచడం అనే కాన్సెప్ట్ మన మెథడాలజీలో లేదు. ఆ ప్రశ్న మన మెటీరియల్లో ఉందా?"

"లేదు సార్."

"లేని ప్రశ్నకి పిల్లలెట్లా ఆన్సర్ చేస్తారు? ఇది పిల్లల ఫెయిల్యూర్ కాదు మేడం. కవరేజ్ ఫెయిల్యూర్. మన పిల్లవాడు స్టేజీ మీద ఏ వాదననీ మొదటిసారి వినకూడదు. భూమ్మీద ఎన్ని వాదనలున్నాయో అన్నీ ముందే కవర్ చేసెయ్యాలి."

"అన్నీ అంటే, సార్..."

"అన్నీ అంటే అన్నీ. అది కంటెంట్ సెల్ చూసుకుంటుంది. మీరు ఔట్‌పుట్ చూడండి." ఆయన కుర్చీలో వెనక్కి వాలారు. "వచ్చే ఏడాది డిబేట్‌లో స్టేట్ ఫస్ట్ మన బ్రాంచికి రావాలి. వచ్చిందా, మీ సోషల్ పీరియడ్ రోజూ మీకే. లెక్కల సార్ కాదు గదా, నేనడిగినా ఇవ్వక్కర్లేదు. రాలేదా, మిమ్మల్ని క్యాంపెయిన్ వింగ్‌కి పర్మనెంట్‌గా షిఫ్ట్ చేస్తాం. మీ మాట తీరు సాఫ్ట్‌గా ఉంటది. పేరెంట్స్ బాగా కనెక్టవుతారు."

క్యాంపెయిన్ అంటే ఏమిటో ఇందుమతికి తెలుసు. ప్రతి వేసవిలో టీచర్లందరూ కరపత్రాలు పట్టుకుని వీధి వీధీ తిరిగి పిల్లల్ని చేర్పించాలి. పోయిన మే నెలలో సింగ్ నగర్లో ఒకావిడ ఆమెకు చల్లటి మజ్జిగిచ్చి, "మీరేం చెబుతారమ్మా?" అని అడిగింది. సోషల్ అని చెప్పగానే, "అయ్యో తల్లీ" అంటూ రెండో గ్లాసు కూడా పోసింది. వేసవిలో అయితే ఎలాగో పళ్లబిగువున గడుస్తుంది. ఏడాదంతా అదే పనంటే, ఇక ఆమె టీచర్ కాదు. గేటు చప్పుడు వినగానే కుక్కలు మొరిగే మనిషి.

బడులు తెరిచే నాటికి హైదరాబాదు నుంచి లారీలో డిబేట్ బిట్ బ్యాంక్ దిగింది.

కంటెంట్ సెల్‌లో బీటెక్ చదివిన కుర్రాళ్లు వేసవంతా కూర్చుని ప్రపంచంలోని వాదనలన్నిటినీ పట్టి, నంబర్లు వేసి, అచ్చొత్తించారు. ఏర్పాటు చాలా సులువు. ప్రతి వాదనకీ కింద నాలుగు జవాబులుంటాయి. అందులో ఒకటే సరైంది. ఆ సరైన జవాబు కూడా మళ్లీ ఒక వాదనే కాబట్టి దానికీ ఒక నంబరుంటుంది. దాని కింద మళ్లీ నాలుగు జవాబులు. పుస్తకం చివర కీ. ఎదుటివాడు ఏ నంబరు వాదన చేస్తే దానికి ఏ నంబరుతో బదులు చెప్పాలో నేర్చుకుంటే చాలు. వాదన అర్థం చేసుకోవడం ఐచ్ఛికం.

జట్టులోకి ఇద్దరు తొమ్మిదో తరగతి పిల్లల్ని ఎంపిక చేశారు. బొద్దులూరి తేజ్‌వంత్‌ది ఒకసారి చూస్తే అచ్చు పడిపోయే బుర్ర. షేక్ రిజ్వానాది అచ్చయినదాన్ని నమ్మని బుర్ర. ఆ అమ్మాయిని ఇందుమతే పట్టుబట్టి తీసుకుంది. ఎందుకని ఏజీఎం గారడిగితే "గొంతు స్పష్టంగా ఉంటుంది సార్" అని చెప్పింది.

రోజూ స్లిప్ టెస్టు. మర్నాడు ర్యాంకులు నోటీసుబోర్డు మీద. తప్పు రాసిన వాదన పదిసార్లు రాయాలి. తేజ్‌వంత్ ఎప్పుడూ ఒకటో ర్యాంకే. రిజ్వానాకి మాత్రం చేతులు రాసి రాసి వాచిపోయేవి.

"నీకు రాక కాదు గదా, ఎందుకు తప్పులు రాస్తన్నావు?" అని ఒకరోజు ఇందుమతి నిలదీసింది.

"ఇదిగో చూడండి మేడం. 'పుస్తకాలు చదివితే జ్ఞానం పెరుగుతుంది.' దీనికి కరెక్టు జవాబు 'పుస్తకాలు బరువుగా ఉంటాయి' అంట. అదేం జవాబు మేడం? నాలుగూ తప్పే."

"నాలుగూ తప్పు ఎట్టా అవుతయ్యే?" అన్నాడు తేజ్‌వంత్ చిరాగ్గా. "ఒకటి కరెక్టని పైన రాశారు గదా."

"రాసినాయన తప్పు రాస్తే?"

తేజ్‌వంత్ ఆ సాయంత్రం టిఫిన్ తినలేదు. కీ తప్పయ్యే అవకాశం ఉందని ఆ పిల్లవాడితో అంతవరకూ ఎవరూ అనలేదు.

పక్క గదిలో సైన్స్ పోటీల జట్టుకీ అదే పద్ధతిలో శిక్షణ సాగుతోంది. ప్రయోగం చేస్తే ఏ కొలత రావాలో ముందే నేర్పేశారు. ఒకరోజు లోలకం పుస్తకంలో ఉన్నట్టు ఊగలేదు. పిల్లలు లోలకాన్ని స్టోరుకి తిప్పి పంపి ఇంకోటి తెప్పించారు. అదీ ఊగలేదు. విషయం ఏజీఎం గారి దాకా వెళ్లింది. ఆయన గంభీరంగా ఆలోచించి, "ప్రకృతి మన మెటీరియల్ ఫాలో అవ్వదు. అందుకే పోటీ రోజున లోలకాన్ని ఊపకండి. చూపించండి చాలు" అని ఆదేశమిచ్చారు.

దసరా ముందు ఆయన డిబేట్ జట్టు పనితనం చూడటానికి వచ్చారు. తేజ్‌వంత్ ఒక వాదన చదివాడు. రిజ్వానా జవాబు చదివింది. ఏజీఎం గారు గడియారం చూసుకున్నారు. మొహం చిన్నబోయింది.

"మేడం, టైమ్ వేస్టేజ్ కనపడట్లేదా మీకు?"

"ఎక్కడ సార్?"

"వాక్యాలు మొత్తం పలుకుతున్నారు. నంబర్ ఉంది గదా. నంబర్ చెబితే సరిపోద్ది. వాదన అందరికీ తెలిసిందేగా."

మళ్లీ మొదలుపెట్టించారు.

"రెండొందల పద్నాలుగు," అన్నాడు తేజ్‌వంత్.

"మూడొందల ఎనభై," అంది రిజ్వానా.

"డెబ్బై ఏడు."

"తొమ్మిదొందల రెండు."

విద్యార్థులకు సెల్‌ఫోన్ అవసరమా అనే సమస్య, దేశమంతా ఏళ్ల తరబడి తల పట్టుకున్న సమస్య, అరనిమిషంలో తేలిపోయింది. ఏజీఎం గారి కళ్లు చెమర్చాయి. "ఇదీ ఔట్‌పుట్ అంటే," అన్నారు మెల్లగా.

అక్కడితో ఆగితే అది ఒక స్కూలు గొడవగానే మిగిలేది. కానీ పోటీలు నడిపే విద్యా వికాస సమాఖ్య భోజనాల ఖర్చు ఉత్తుంగ భరిస్తోంది. భోజనం పెట్టేవాళ్ల ఆలోచనలు సమాఖ్యకి ఎప్పుడూ వెంటనే అర్థమవుతాయి. నెల తిరక్కుండా కొత్త నియమావళి వచ్చింది. వాదనలు నంబర్లలోనే చెప్పాలి. జడ్జీలకు కీ ఇస్తారు, వాళ్లు సొంత అభిప్రాయాలు తెచ్చుకోకూడదు. కీ ప్రకారం తప్పు నంబరు చెప్పినవాళ్లు, లేదా నోరు మెదపనివాళ్లు ఓడినట్టు. డిబేట్లు ఎలాగూ నిమిషంలో అయిపోతున్నాయి కాబట్టి కాలపరిమితి అనవసరమని దాన్ని కొట్టేశారు. ఏజీఎం గారి సవరణల్లో అదొకటి. దాని సంగతి ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు.

మిగతా స్కూళ్లు పరుగున పోయి బిట్ బ్యాంక్ కొనుక్కున్నాయి. జిల్లా పరిషత్ పిల్లాడు ఈసారి కూడా వచ్చి, లేచి, నోరు తెరిచి ఒక పూర్తి వాక్యం మాట్లాడాడు. అతన్ని నియమోల్లంఘన కింద మొదటి రౌండులోనే పంపించేశారు. వెళ్తూ వెళ్తూ అతను ఇందుమతి వంక చూసి నవ్వాడు. ఆమె తల దించుకుని, చేతిలోని పుస్తకంలో ఏదో వెతుకుతున్నట్టు నటించింది. మనసులో మాత్రం క్యాంపెయిన్ కరపత్రాల సంచీ కనిపించింది. పీరియడ్లు, పీరియడ్లు అనుకుంటూ గుండె రాయి చేసుకుంది.

రాష్ట్రస్థాయి ఫైనల్ రోజు వచ్చింది. ఫైనల్‌కి చేరిన జట్లు రెండూ ఉత్తుంగవే. బెజవాడ బ్రాంచి ఒకటి, గుంటూరు బ్రాంచి రెండోది. హాలు కిటకిటలాడింది. ముందు వరసలో ముఖ్య అతిథి, ఆయన పక్కన ఏజీఎం గారు. ఒళ్లో కీ పెట్టుకుని ప్రధాన జడ్జి రామబ్రహ్మం గారు. ఆయన రిటైరైన తెలుగు లెక్చరర్. నియమావళి చదివినప్పటి నుంచీ ఆయన ఎవరితోనూ సరిగ్గా మాట్లాడటం లేదు.

విషయం: పోటీ విద్యార్థులకు మేలు చేస్తుంది. అవునన్నది గుంటూరు పక్షం. లోహిత్ అనే కళ్లజోడు కుర్రాడు నించున్నాడు. కాదన్నది బెజవాడ. తేజ్‌వంత్ నించున్నాడు. వాడి గొంతు అలిసిపోతే రిజ్వానా అందుకోవాలి.

"పన్నెండు," అన్నాడు లోహిత్. పుస్తకం ప్రకారం పన్నెండంటే, పోటీ వల్ల కష్టపడే గుణం వస్తుంది.

"ముప్ఫై ఒకటి," అన్నాడు తేజ్‌వంత్. ఎక్కువ కష్టపడితే ఆరోగ్యం పాడవుతుంది.

"నలభై ఎనిమిది." ఆరోగ్యం కోసం ఆటలాడాలి, ఆటల్లోనూ పోటీ ఉంటుంది.

"అరవై ఐదు." ఆటల్లో ఓడినవాళ్లు కుమిలిపోతారు.

లోహిత్ ఒక్క క్షణం కూడా తడబడలేదు. "పన్నెండు," అన్నాడు. కుమిలిపోయినవాళ్లకే కష్టపడే గుణం వస్తుందని కంటెంట్ సెల్ నిర్ణయం.

"ముప్ఫై ఒకటి."

"నలభై ఎనిమిది."

"అరవై ఐదు."

"పన్నెండు."

మూడోసారి పన్నెండు వినపడగానే ఇందుమతి వేళ్ల మీద లెక్కపెట్టడం మొదలుపెట్టింది. నాలుగోసారి రామబ్రహ్మం గారు కీ తిరగేసి చూశారు. అయిదోసారి కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూశారు. తప్పేమీ లేదు. పన్నెండుకి ముప్ఫై ఒకటి సరైన జవాబు. ముప్ఫై ఒకటికి నలభై ఎనిమిది. దానికి అరవై ఐదు. అరవై ఐదుకి మళ్లీ పన్నెండు. రెండు జట్లూ నూటికి నూరు పాళ్లు కరెక్టు. కరెక్టుగా ఉన్నంతసేపూ ఎవరూ ఓడరు. ఎవరూ ఓడనంతసేపూ పోటీ ఆగదు. ఆపడానికి గంట కొట్టే నియమం ఇప్పుడు లేదు.

మొదట్లో హాలంతా చప్పట్లు కొట్టింది. తర్వాత గుసగుసలు బయల్దేరాయి. తర్వాత అవీ ఆగిపోయాయి. ముఖ్య అతిథి పట్టుశాలువాలోకి తల వాల్చేశారు. వంటమనిషి గుమ్మంలోకి వచ్చి, "బిర్యానీ చల్లారిపోతందండీ" అని ఏజీఎం గారికి సైగ చేశాడు. "పన్నెండు," అన్నాడు లోహిత్. వంటమనిషి తనకేమైనా చెప్పాడేమోనని కాసేపు ఆగి, వెనక్కి తిరిగి వెళ్లిపోయాడు.

ఏజీఎం గారు వరండాలోకి వెళ్లి కంటెంట్ సెల్‌కి ఫోన్ కొట్టారు. ఇందుమతి స్తంభం పక్కనే ఉంది. అన్నీ వినపడ్డాయి.

"అరవై ఐదుకి పన్నెండు ఎవరు పెట్టారయ్యా?"

"కరెక్టే సార్. రెఫరెన్స్ కూడా ఉంది."

"ఇది తిరిగి తిరిగి అక్కడికే వస్తా ఉంది. దీన్ని ఆపే వాదనేదన్నా ఉంటే చెప్పు."

"ఆపే వాదన సిలబస్‌లో లేదు సార్. కావాలంటే వచ్చే ఎడిషన్‌లో యాడ్ చేస్తాం."

ఏజీఎం గారు ఫోన్ జేబులో పెట్టుకుని నుదురు తుడుచుకున్నారు. కీ తప్పని ప్రకటిస్తే పుస్తకం కొన్న స్కూళ్లన్నీ మీద పడతాయి. కీ ఒప్పంటే ఈ పిల్లలు పెద్దవాళ్లై, పెళ్లిళ్లై, ఇక్కడే ఉంటారు. ఆయన చూపు ఇందుమతి మీద పడింది.

"మేడం, ఒక స్ట్రాటజిక్ డెసిషన్ తీసుకోవాలి. మీ జట్టుని ఒక్క తప్పు నంబర్ చెప్పమనండి."

"ఓడిపొమ్మనా సార్?"

"ఓటమి అనొద్దు. సంస్థాగత సర్దుబాటు అనండి. గుంటూరులో ఈ ఏడాది అడ్మిషన్లు డల్‌గా ఉన్నాయి. వాళ్లకి ఫస్ట్ వస్తే అక్కడ పుష్ అవుతది."

"మరి నా పీరియడ్లు?"

"అది సెపరేట్ ఇష్యూ మేడం. ఫస్ట్ వస్తేనే అన్నాం గదా. రూల్ ఈజ్ రూల్."

ఇందుమతి ఆయన వంక చూసింది. తిట్టడానికి నోట్లో చాలా మాటలున్నాయి. ఒక్కదానికీ నంబరు లేదు. నీళ్ల సీసా తీసుకుని వేదిక పక్కకి నడిచింది. అప్పటికి తేజ్‌వంత్ గొంతు పూర్తిగా పూడుకుపోయింది. చేత్తో ముప్ఫై ఒకటి చూపించబోయి వేళ్లు చాలక అవస్థ పడుతున్నాడు. రిజ్వానా లేస్తోంది.

"ఏమంటన్నాడు మేడం ఏజీఎం సార్?" అని అడిగింది ఆ అమ్మాయి సీసా అందుకుంటూ.

చెప్పమన్నది చెప్పాలా, వద్దా? చెబితే పీరియడ్లు పోతాయి. చెప్పకపోతే, ఈ ముప్ఫై ఒకటీ అరవై ఐదూ తన సర్వీసంతా అయిపోయేదాకా సాగేట్టున్నాయి.

"కీలో ఉన్నది చెప్పొద్దన్నారు," అంది ఇందుమతి. అందులో అబద్ధం ఒక్క ముక్క లేదు. "నీకు ఏది అనిపిస్తే అది చెప్పు."

రిజ్వానా నీళ్లు తాగి, మైకు ముందుకొచ్చింది.

"పన్నెండు," అన్నాడు లోహిత్ కళ్లు మూసుకుని.

"లోహిత్, పోటీ వల్ల కష్టపడే గుణం వస్తదని నీకు నిజంగా అనిపిస్తందా?"

హాల్లో ఎక్కడో కుర్చీ కిర్రుమంది. లోహిత్ కళ్లు తెరిచాడు. తన టీచర్ వంక చూశాడు. ఆవిడ ఆదరాబాదరా పుస్తకం తిరగేస్తోంది.

"ఆప్షన్లు చెప్పు," అన్నాడు.

"ఆప్షన్లు లేవు."

"ఒక్కటన్నా?"

"ఒక్కటి కూడా లేదు. నీకేమనిపిస్తే అదే."

లోహిత్ మైకుకి కాస్త దూరంగా జరిగి, మామూలు గొంతుతో అన్నాడు: "నేను షటిల్ ఆడతా. మా ఎదురింటోడు రోజూ నన్ను ఓడిస్తాడు. వాడు లేకపోతే నేను పొద్దున్నే లేవను. వాడి కోసమే లేస్తన్నా. అంటే పోటీ మంచిదే గదా."

"వాడు నీ పేరు, నువ్వెన్నిసార్లు ఓడావో రాసి మీ వీధి గోడకి అతికించాడా?"

"లేదు."

"మా అక్క పేరు మా నోటీసుబోర్డు మీద రోజూ అతికిస్తారు. అది షీటు కింద నుంచి పైకి చదువుకుంటది, తొందరగా దొరుకుద్దని. అది కూడా పోటీయేగా. దానికి పొద్దున్నే కడుపునొప్పి వస్తంది."

"అది పోటీ తప్పు కాదు, అతికించినోళ్ల తప్పు," అన్నాడు లోహిత్ వెంటనే. అన్నాక తనే ఆశ్చర్యపోయాడు. ఎవరూ అప్పజెప్పని మాట తన నోట్లోంచి వచ్చింది.

"అయితే అతికించకపోతే దాన్ని పోటీ అంటారా, ఆట అంటారా?"

"ఆటలో కూడా ఎవడో ఒకడు ఓడతాడుగా."

"ఓడినా మళ్లీ రేపు రమ్మంటాడు గదా మీ ఎదురింటోడు. మా స్కూల్లో చివరి సెక్షన్‌లో పడితే మళ్లీ ఎవరూ రమ్మనరు."

వెనక వరసలో ఎవరో తండ్రి "నిజమే" అన్నాడు. ఆయన భార్య "మీరూరుకోండి" అంది. ముఖ్య అతిథి మెలకువ తెచ్చుకుని ముందుకు వంగారు. వంటమనిషి గరిటెతో సహా వచ్చి గుమ్మానికి ఆనుకున్నాడు. లోహిత్ కళ్లజోడు తీసి తుడుచుకుని, బాగా ఆలోచించి అన్నాడు: "నన్నెవరూ రమ్మనక్కర్లేదు. నేను నిన్నటి కంటే ఇవాళ ఒక్క పాయింటు ఎక్కువ కొట్టాలనుకుంటా. ఆ పోటీ నాతో నాకే. దాన్ని కూడా చెడ్డదంటావా?"

రిజ్వానా నోరు తెరిచింది. మూసింది. ముఖం చిట్లించింది. తర్వాత నవ్వింది.

"అది నేను ఆలోచించలేదు. ఆలోచించి చెప్తా," అంది.

సమాఖ్య పోటీల్లో ఆ వాక్యం అంతకుముందెప్పుడూ ఎవరూ వినలేదు. సహాయ జడ్జీలిద్దరూ కీలో దానికోసం వెతకసాగారు. రామబ్రహ్మం గారు మాత్రం ఒళ్లోని పుస్తకం తీసి కుర్చీ కింద పెట్టి, ఆ ఏడాదిలో మొదటిసారి చప్పట్లు కొట్టారు.

తర్వాత సమాఖ్య అత్యవసర సమావేశమైంది. బిర్యానీ తింటూనే వాదించుకున్నారు. రెండు జట్లూ సిలబస్ దాటాయి, ఇద్దర్నీ తీసెయ్యాలని ఒకాయన అన్నాడు. అప్పుడు ఫైనల్లో ఫస్ట్ ఎవరికీ రాదు, ఇంత ఖర్చు పెట్టి ఎవరికీ ఫస్ట్ రాకపోతే ఎలా అని ఏజీఎం గారన్నారు. చివరికి సమాఖ్య కార్యదర్శి పాత అనుభవంతో ఒక దారి చూపాడు. పరీక్షలో సిలబస్‌లో లేని ప్రశ్న వస్తే ఏం చేస్తారు? రాసిన ప్రతివాళ్లకీ మార్కులు కలుపుతారు. ఇక్కడా అంతే. పోటీల్లో పాల్గొన్న ప్రతి జట్టుకీ కలిపారు. కలపగా, రాష్ట్రంలో పాల్గొన్న జట్లన్నిటికీ స్టేట్ ఫస్ట్ వచ్చింది. సమాఖ్య సైన్స్ పోటీలకి ఊపని లోలకం తెచ్చిన జట్టుకీ వచ్చింది. మొదటి రౌండులో గెంటేసిన జిల్లా పరిషత్ పిల్లాడికీ వచ్చింది.

మర్నాడు పేపర్లో నిండు పేజీ ప్రకటన పడింది. ఉత్తుంగ పిల్లల ఫోటోలు, ఒక్కో ఫోటో కింద "స్టేట్ ఫస్ట్". జాగా చాలక అక్షరాలు చిన్నవి చేశారు.

ఇందుమతి ఆ పేజీ మడిచి ఏజీఎం గారి బల్ల మీద పెట్టింది.

"ఫస్ట్ వచ్చింది సార్."

"అందరికీ వచ్చింది మేడం. అది ఫస్టెట్లా అవుతుంది?"

"కాదంటారా? అయితే పేరెంట్స్ అడిగితే ఏం చెప్పమంటారు? మనది ఫస్ట్ కాదని చెప్పమంటారా, ప్రకటన తప్పని చెప్పమంటారా?"

ఏజీఎం గారు ఫోటోల వంక చూశారు. ఇందుమతి వంక చూశారు. ఆమె అడిగినదానికి నాలుగు జవాబులూ తప్పే అయ్యేట్టున్నాయి.

"రేపటి నుంచి ఆరో పీరియడ్ మీది," అన్నారు. "కానీ ఖాళీగా ఉంచకండి. నిన్న ఆ ఇద్దరూ మాట్లాడిందానికి పేరెంట్స్‌లో బ్రహ్మాండమైన ఫీడ్‌బ్యాక్ ఉంది. స్పాంటేనియస్ థింకింగ్ అని కొత్త ప్రోడక్ట్ లాంచ్ చేస్తన్నాం. కంటెంట్ సెల్ వీడియో మొత్తం చూసి బిట్లు చేసేస్తంది. సోషల్‌తో పాటు అది కూడా కానిచ్చెయ్యండి."

బిట్లు నెలలోపే వచ్చేశాయి. ఆరో పీరియడ్లో ఇందుమతి మొదటి స్లిప్ టెస్టు పెట్టింది. మొదటి ప్రశ్న: పోటీపై షేక్ రిజ్వానా అభిప్రాయం ఏది? ఏ, పోటీ మంచిది. బి, పోటీ చెడ్డది. సి, ఇతరులతో పోటీ చెడ్డది, తనతో తనకు పోటీ మంచిది. డి, పైవన్నీ.

కీ ప్రకారం సి. తేజ్‌వంత్‌కి మార్కు వచ్చింది. రిజ్వానాకి రాలేదు. ఖాళీగా వదిలేసింది.

"నీ అభిప్రాయం నీకే తెలీదా?" అన్నాడు తేజ్‌వంత్ నిజంగా బాధపడి.

"నాకెందుకు తెలీదు? సి నాది కాదు, లోహిత్‌ది. పైగా దాని గురించి ఆలోచించా. తనతో తను పోటీ పడినా కడుపునొప్పి వస్తదేమో అనిపిస్తంది ఇప్పుడు."

"నీకేమనిపించినా సరే, నీ అభిప్రాయం సీయే. పుస్తకంలో ఉంది."

"నేను మార్చుకున్నానంటుంటే?"

"కీ రిలీజయ్యాక మార్చుకోవడానికి లేదు."

"ఎందుకు లేదు?" అని వెనక బెంచీలో ఎవరో అన్నారు. "మనిషి ముందా, కీ ముందా?" అని కిటికీ పక్క అమ్మాయి. "కీయే లేకపోతే ఎవడి ఇష్టం వాడిది అవుద్ది గదా," అని తేజ్‌వంత్ లేచాడు. వాడంతట వాడు, నంబరు లేకుండా, జీవితంలో మొదటిసారి ఒక వాదన చేశానని వాడికి తెలియదు. క్లాసు రెండుగా చీలింది. బల్లలు చరిచారు. ఇందుమతి కుర్చీ వెనక్కి జరుపుకుని కూర్చుంది.

ఫ్లోర్ ఇన్‌ఛార్జి ఏడుకొండలు పరిగెత్తుకొచ్చాడు. ఆ అంతస్తులో ఎవరూ మాట్లాడకుండా చూడటమే ఆయన ఉద్యోగం. మెడలో ఈల.

"ఏంది మేడం ఈ గోల?"

"ప్రాక్టీసండీ. కీ విడుదలయ్యాక మనిషి అభిప్రాయం మార్చుకోవచ్చా అని."

ఏడుకొండలు ఈల నోటి దాకా తెచ్చి, ఆగాడు. పిల్లల్ని చూశాడు. గుమ్మంలోనే నిలబడి రెండు వైపులా విన్నాడు. తేజ్‌వంత్ అన్నదానికి తల అడ్డంగా ఊపాడు. రిజ్వానా అన్నదానికీ అడ్డంగానే ఊపాడు. గంట కొట్టారు. ఎవరూ కదల్లేదు. ఏడుకొండలు లోపలికొచ్చి తలుపు దగ్గరగా వేశాడు.

"అట్టా కాదురా అబ్బాయ్, నేను చెప్పేది కూడా వినండి..."

"చెయ్యెత్తి అడగాలండీ," అంది ఇందుమతి. "ముందు ఆ కిటికీ పక్క అమ్మాయి ఎత్తింది."

ఏడుకొండలు ఈల జేబులో పడేసుకుని, ఖాళీగా ఉన్న బెంచీ చివర కూర్చుని చెయ్యెత్తాడు.